ఏభై దాటిన పొయ్యి

ఈ వారం అణుశక్తి గురించి రాస్తున్నాను. ఆ మాట వినగానే పేజీ తిప్పేసి సీరియల్లోకి జారుకునే పాఠకులు కొందరున్నారని నాకు తెలుసు. వాళ్ళు కాస్త ఆగాలి. నేను చెప్పబోయేది అణువు సంగతి కాదు, ముసలితనం సంగతి. అందులోనూ ఒక ఇనప పొయ్యి ముసలితనం. దాన్ని ఇంకా వాడుకోవచ్చునా, మూలన పెట్టెయ్యాలా, ఆ తీర్పు చెప్పవలసింది ఎవరు? ఇంతవరకే నా బేరం.

బొంబాయికి ఉత్తరంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రపు ఒడ్డున, తారాపూర్ అని ఒక వూరుంది. మన దేశంలో మొట్టమొదటి అణువిద్యుత్ కేంద్రం అక్కడిదే. 1969 అక్టోబరులో రెండు రియాక్టర్లూ జంటగా కరెంటు అమ్మడం మొదలుపెట్టాయి. ఆ ఏడాది పుట్టిన గుమాస్తా ఎవరైనా వుంటే ఇవాళ పెన్షను కాగితాలు సర్దుకుంటూ వుంటాడు. యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి. డబ్బు కూడా చాలావరకు అమెరికా ఇచ్చిన అప్పే.

పొయ్యి అన్నానని నవ్వుకోకండి. తారాపూర్‌లో వున్నది అచ్చంగా పొయ్యే. ఒక పెద్ద వుక్కు పాత్రలో యురేనియం కడ్డీలు నిలబెడతారు. ఆ వేడికి నీళ్ళు మరుగుతాయి. ఆ ఆవిరి పోయి టర్బైను తిప్పుతుంది. బొగ్గు పొయ్యికీ దీనికీ సూత్రంలో భేదం లేదు. భేదమల్లా ఏమిటంటే, బొగ్గు పొయ్యి ఆర్పేస్తే ఆరిపోతుంది. ఇది ఆర్పిన తర్వాత కూడా లోపల చాలాకాలం సెగ కక్కుతూనే వుంటుంది, దాన్ని చల్లబరుస్తూనే వుండాలి. ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఈ జంట బతుకు సాఫీగా సాగలేదు. చెరి 210 మెగావాట్లు ఇస్తాయని రాసిచ్చిన యంత్రాలలో, ఆవిరి తయారుచేసే రెండో అంచె పరికరాలు మొరాయించాయి. చివరికి వాటిని విడదీసి పక్కన పెట్టేశారు. 1984 నుంచి చెరి 160 మెగావాట్లతోనే సరి. ఇంధనం సంగతి ఇంకా విడ్డూరం. 1974లో మనం పోఖ్రాన్‌లో పేలుడు జరిపాక, ఇంధనం ఇస్తామని సంతకం చేసిన అమెరికావారు క్రమంగా చెయ్యి ముడుచుకున్నారు. తర్వాత ఫ్రాన్సు ఇచ్చింది. ఆ తర్వాత చైనా. ఆ తర్వాత రష్యా. నాలుగు దేశాల వుప్పు తిన్న పొయ్యి ఇది. పైనుంచి వచ్చిన ఆ యురేనియాన్ని కడ్డీలుగా కట్టి పంపే చెయ్యి మాత్రం చాలాకాలంగా హైదరాబాదుది. అక్కడి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనే ఆ పని జరుగుతుంది.

2005 చివర దీన్ని ఆపి పెద్ద మరమ్మతే చేశారు. కొత్త డీజిల్ జనరేటర్లు పెట్టారు. రెండు యూనిట్లూ పంచుకునే ఏర్పాట్లు కొన్నిటిని విడదీసి దేనివి దానికి అమర్చారు. వుమ్మడి కుటుంబంలో వేరు పడ్డట్టన్నమాట. మళ్ళీ 2020లో రెండిటినీ ఆపి, ఈసారి నీరు తిరిగే పెద్ద గొట్టాలనే మార్చే పనికి దిగారు. అంటే ఏభై దాటిన తర్వాత గుండెకు ఆపరేషను. దీనికి ఇంకా ఆయుర్దాయం ఇవ్వదలచుకున్నారనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఎందుకిస్తారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. అప్పు ఎప్పుడో తీరిపోయింది. ఇంధనం ఖర్చు తక్కువ. కరెంటు చౌక. కొత్తది కట్టాలంటే పదేళ్ళో పదిహేనేళ్ళో, వేల కోట్లు. పైగా పాతది ఆపిన మర్నాడు ఆ లోటు బొగ్గుతోనే పూడ్చాలి. ఇవన్నీ న్యాయమైన కారణాలే. కాని పైకి ఎక్కువగా అనని కారణం ఇంకోటి వుంది. ఆపేస్తే దాన్ని ఏం చెయ్యాలి?

పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషను పాత యూనిట్లు కాలం తీరి ఆగిపోయాయి. 2024 ఆగస్టు 5న వాటి కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ మందుపాతరలు పెట్టి కూల్చేశారు. చూస్తూండగానే దుమ్మయిపోయాయి. అణు కేంద్రానికి ఆ భాగ్యం లేదు. రాజస్థాన్‌లో రావత్‌భాటా దగ్గర మొదటి యూనిట్ 1973లో మొదలైంది. 2004లో ఆగింది. మళ్ళీ నడవలేదు. అలాగని కూల్చనూ లేదు. ఇంధనం తీసి, కాపలా పెట్టి, కూర్చోబెట్టారు. విప్పడమంటే దశాబ్దాల పని, దానికి వేరే డబ్బు. అంచేత యజమాని మనస్సు ఎప్పుడూ 'ఇంకో పదేళ్ళు నడవనిద్దాం' అనే వైపుకే వాలుతుంది. అది దుర్బుద్ధి కాదు, మనిషి స్వభావం. కాని తీర్పు ఆయన చేతిలో పెట్టకూడదనడానికి ఆ స్వభావమే చాలు.

ఇక వయస్సు మాట. అణు కేంద్రానికి నలభై ఏళ్ళు ఆయుష్షని అందరూ అంటూ వుంటారు. ఆ నలభై ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అమెరికావారు 1954లో చేసిన చట్టంలో లైసెన్సు నలభై ఏళ్ళకు మించరాదని రాశారు. ఇంజనీర్లు వుక్కును కొలిచి చెప్పిన అంకె కాదది. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది, గుత్తాధిపత్యం రాకుండా ఎలా చూడాలి, ఇలాంటి లెక్కల్లో పుట్టిన అంకె. వాళ్ళ నియంత్రణ సంఘమే ఈ సంగతి చెబుతుంది. ఇప్పుడు అక్కడ చాలా కేంద్రాలకు ఇంకో ఇరవై కలిపి అరవై చేశారు. కొన్నిటికి ఎనభై దాకా అనుమతి ఇచ్చారు. స్విట్జర్లాండులో బెజ్నావ్ అనే చోట 1969లోనే, అంటే మన తారాపూర్ ఈడుదే, ఒక రియాక్టరు వుంది. దాన్ని 2033లో ఆపుతామని యజమానులు 2024 డిసెంబరులో ప్రకటించారు. అరవై నాలుగేళ్ళ నడక అన్నమాట.

మరి ముసలితనం ఎక్కడుంది? మన వంటింటి కుక్కరే చూడండి. రబ్బరు పోతే కొత్త రబ్బరు వేస్తాం. విజిల్ మారుస్తాం, పిడి మారుస్తాం. మా ఇంట్లో వున్న కుక్కరుకు ఇవన్నీ ఎన్నిసార్లు మార్చామో లెక్కలేదు. గిన్నె ఒక్కటే మొదట కొన్నది. గిన్నె అడుగు పలచబడిందా, ఇక కుక్కరే మార్చాలి. రియాక్టరూ అంతే. గొట్టాలు, పంపులు, వైర్లు, జనరేటర్లు, చివరికి టర్బైను కూడా మార్చవచ్చు. వుక్కు పాత్రను మాత్రం మార్చలేరు. యురేనియం నుంచి వెలువడే న్యూట్రానులు ఏళ్ళ తరబడి తగిలి తగిలి ఆ వుక్కు పెళుసెక్కుతుంది. అది ఎంత పెళుసెక్కిందో తెలుసుకోవడానికి వాళ్ళు చేసిన ఏర్పాటు నాకెంతో నచ్చింది. పాత్ర పోసిన వుక్కులోంచే చిన్న చిన్న ముక్కలు కోసి, మొదటి రోజునే లోపల వేలాడదీస్తారు. కొన్నేళ్ళకోసారి ఒక ముక్క తీసి సుత్తి దెబ్బ కొట్టి చూస్తారు. ఆ ముక్క ఎలా విరిగిందో చూస్తే పాత్ర ఎలా వుందో తెలుస్తుంది. సాక్షిని మొదటే లోపల పెట్టి వుంచారన్నమాట. ముసలితనాన్ని ఏళ్ళతో కాక సుత్తితో కొలవడం అంటే ఇదే.

తారాపూర్ తర్వాత మనం కట్టినవి ఎక్కువగా వేరే రకం. వాటిలో ఒకే పెద్ద పాత్ర బదులు వందల కొద్దీ గొట్టాలుంటాయి. మద్రాసు దగ్గర కల్పాక్కంలో ఒక్కో రియాక్టరుకు 306. జిర్కోనియం లోహంతో చేసిన ఈ గొట్టాలు కూడా హైదరాబాదులోనే తయారవుతాయి. వేడికీ న్యూట్రానులకూ అవి సాగుతాయి, పాత నులకమంచంలాగ నడుమ కిందికి వంగుతాయి, హైడ్రోజన్ పీల్చుకుని పెళుసెక్కుతాయి. కెనడాలో పికరింగ్ అనే చోట 1983లో అలాంటి గొట్టం ఒకటి నడుస్తూండగా పగిలింది. ఆ రియాక్టరుకు అప్పటికి పట్టుమని పదిహేనేళ్ళు లేవు. కల్పాక్కంలో ఈ శతాబ్దం మొదటి ఏళ్ళలో రెండు రియాక్టర్లకూ గొట్టాలన్నీ తీసి కొత్తవి వేశారు. ఆ పని చేసిన మన ఇంజనీర్లను మెచ్చుకోవాలి. మనుషులు దగ్గర నిలబడలేని చోట యంత్రాలతో చెయ్యవలసిన పని అది.

ఇంతవరకూ బాగానే వుంది. చూస్తున్న భాగం మోసం చెయ్యదు. మోసం చేసేది చూడని భాగం.

జపానులో మిహమా అని ఒక కేంద్రం వుంది. దానిలో మూడో యూనిట్ 1976లో మొదలైంది. 2004 ఆగస్టు 9న దాని టర్బైను గదిలో వేడినీటి గొట్టం ఒకటి పగిలి, మరిగే నీరూ ఆవిరీ మనుషుల మీద పడ్డాయి. ఐదుగురు చనిపోయారు. అది రేడియో ధార్మికత వున్న నీరు కాదు, మామూలు వేడినీరే. పది మిల్లీమీటర్ల మందంతో బిగించిన గొట్టం అరిగి అరిగి రెండు మిల్లీమీటర్లు కూడా లేకుండా పోయింది. ఎందుకలా పోనిచ్చారు? ఆ చోటు పరీక్ష చెయ్యవలసిన చోట్ల జాబితాలోకి ఎక్కలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని కొలవలేదు. ఇంకా బాధ కలిగించే సంగతేమిటంటే, చనిపోయినవాళ్ళు త్వరలో జరగబోయే వార్షిక పరీక్షకు సామాను సిద్ధం చేస్తున్న కూలి పనివాళ్ళు. జాబితా రాసిన గుమాస్తా చెయ్యి జారితే గొట్టం కింద నిలబడేది వేరొకడు.

రెండో కథ అమెరికాది. ఒహాయో రాష్ట్రంలో డేవిస్‌బెస్సీ అని ఒక కేంద్రం. దానితో సమానమైన కేంద్రాల్లో పాత్ర మూత మీది గొట్టాలకు పగుళ్ళు కనిపించడంతో, 2001 డిసెంబరు ఆఖరులోగా ఆపి పరీక్ష చెయ్యాలని నియంత్రణ సంఘం తలపెట్టింది. కంపెనీ గడువు అడిగింది. సంఘం బేరమాడి ఫిబ్రవరి మధ్య దాకా ఇచ్చింది. ఆపి చూస్తే, మూతలో వుండవలసిన ఆరు అంగుళాల వుక్కు ఒకచోట మొత్తం తినేసి వుంది. పగులులోంచి కారిన ఆసిడ్ నీరు చేసిన పని. లోపలివైపు తాపడం చేసిన తుప్పు పట్టని వుక్కు రేకు, అంగుళంలో సగం మందమైనా లేనిది, ఆ ఒక్కటే అంత వొత్తిడినీ కాస్తోంది. అప్పటికి ఆ కేంద్రం వయస్సు పాతికేళ్ళు కూడా లేదు.

ఈ రెండు కేంద్రాలూ తర్వాత ఏమయ్యాయని అడుగుతారు. రెండూ నడుస్తూ వచ్చాయి. డేవిస్‌బెస్సీకి 2015లో లైసెన్సు పొడిగించి 2037 దాకా ఇచ్చారు. మిహమా మూడో యూనిట్టే 2021లో, ఫుకుషిమా తర్వాత జపానులో నలభై దాటి నడిచిన మొదటి రియాక్టరు అయింది. వింతగా తోచినా నాకిందులో అన్యాయం కనబడదు. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళు జాబితా జాగ్రత్తగా రాస్తారు. నాకు భయం దెబ్బ తిననివాళ్ళ గురించి.

ఫుకుషిమా పేరు వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. అక్కడి మొదటి యూనిట్ 1971 మార్చిలో మొదలైంది. తారాపూర్ యంత్రాలు చేసిన కంపెనీ తయారే, మన వాటి వరసలోదే. నలభై నిండబోతూంటే పరీక్షలు చేసి, ఇంకో పదేళ్ళు నడుపుకోవచ్చునని 2011 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చారు. మార్చి 11న సునామీ వచ్చింది. ఐదారు మీటర్ల అలకు సరిపోయేలా కట్టిన చోటికి పద్నాలుగు మీటర్ల అల వచ్చింది. డీజిల్ జనరేటర్లు నేలమాళిగలో వున్నాయి. మునిగిపోయాయి. ఆర్పిన పొయ్యిని చల్లబరచడానికి కరెంటు లేకపోయింది. మొదట గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇదే.

ఆ పొయ్యి ముసలిదై పగల్లేదు. అంత మాత్రాన పొడిగింపు నిర్దోషి అంటే నేనొప్పుకోను. ఫిబ్రవరి పరీక్షలో ప్రశ్న 'ఈ వుక్కు ఇంకా గట్టిగా వుందా?' అన్నది. 'ఈ నలభై ఏళ్ళలో సముద్రం గురించి మనకు కొత్తగా ఏం తెలిసింది?' అన్న ప్రశ్నకు అందులో చోటు లేకపోయింది. తెలియక కాదు. పదిహేను మీటర్లకు మించిన అల రావచ్చునని 2008లో కంపెనీవారి సొంత లెక్కల్లోనే తేలింది. ఇంకా పరిశీలించాలని పక్కన పెట్టారు.

మనకు సముద్రం అంతకుముందే ఒక పాఠం చెప్పింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కల్పాక్కంలో రెండో యూనిట్ నడుస్తూంది. సముద్రపు నీటి పంపులున్న చోటికి నీళ్ళు వచ్చేశాయి. వెంటనే ఆపేశారు. జనరేటర్లు పైన వుండడంవల్ల ప్రమాదం లేకుండా గడిచి, కొద్ది రోజుల్లో మళ్ళీ నడిచింది. ఆ వార్త మనవాళ్ళలో ఎంతమంది చదివారో! ప్రపంచంలో ఎంతమంది ఇంజనీర్లు దాన్ని తమ వూరి వార్తగా చదివారో అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

'ఇన్ని చెప్పి, మూసెయ్యమని ఎందుకనవు?' అని అడిగేవారుంటారు. జర్మనీవారు మూసేశారు. 2023 ఏప్రిల్ 15న చివరి మూడూ ఆపేశారు. అవి బాగా నడుస్తున్న యంత్రాలు. అదే దేశంలో ఆనాటికి బొగ్గు పొయ్యిలు ఇంకా పొగ వదులుతూనే వున్నాయి. నన్నడిగితే వరస తప్పు. బొగ్గు పొగ నెమ్మదిగా చంపుతుంది కాబట్టి వార్త కాదు. బెల్జియంవారు నలభైకి మూసెయ్యాలని 2003లో చట్టం చేసుకుని, తర్వాత రెండిటికి పదేళ్ళు పొడిగించి, 2025లో ఆ చట్టాన్నే తీసేశారు. కాలిఫోర్నియాలో డయాబ్లో కాన్యన్‌ను మూస్తామని 2016లో ఒప్పందం రాసుకుని, 2022లో శాసనసభే మళ్ళీ నడపమంది. ఇవన్నీ కరెంటు కొరత వచ్చినప్పుడు చేసిన ఆలోచనలు. చీకటి పడుతున్నప్పుడు తీసుకున్న నిర్ణయం మంచిదే కావచ్చు. కాని వుక్కుకు కొరత సంగతి తెలియదు.

అంచేత నా మాట ఇది. పొడిగించండి. కాని పొడిగించాలా వద్దా అన్నది యజమాని చెప్పకూడదు, ఆయన దగ్గర జీతం పుచ్చుకునేవాడూ చెప్పకూడదు. మన దేశంలో చిక్కు ఇక్కడే వుంది. అణు కేంద్రాలకు అనుమతి ఇచ్చే నియంత్రణ మండలి 1983లో పుట్టింది. లైసెన్సు ఐదేళ్ళకు మించి ఇవ్వదు, పదేళ్ళకోసారి సమగ్ర పరీక్ష చేయిస్తుంది. పద్ధతి మంచిదే. అయితే ఆ మండలి జవాబు చెప్పుకునేది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణు కేంద్రాలు నడిపే శాఖకు కార్యదర్శి. పరీక్ష రాసే కుర్రవాడి నాన్నగారే హెడ్మాస్టరు అన్నమాట. ఆ హెడ్మాస్టరు మంచివాడు కావచ్చు. ఫెయిల్ చేస్తే ఇంట్లో గొడవ తప్పదు గదా! ఈ ఏర్పాటును కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2012లో గట్టిగా విమర్శించారు. అంతకుముందు 2011లో వచ్చిన బిల్లు పార్లమెంటులోనే చచ్చిపోయింది. చివరికి 2025 డిసెంబరులో మండలికి చట్టబద్ధమైన హోదా ఇస్తూ కొత్త శాసనం వచ్చింది. ఆ శాసనమే ప్రైవేటు కంపెనీలకూ ఈ రంగంలో తలుపు తీసింది. అంటే ఇకమీదట 'ఇంకో పదేళ్ళు' అని అడిగేవారు పెరుగుతారు. హోదా కాగితం మీద వచ్చింది. 'కాదు' అనే ధైర్యం వచ్చిందా లేదా అన్నది, ఒక ముసలి రియాక్టరును వాళ్ళు మొదటిసారి ఆపమన్న రోజున తెలుస్తుంది.

ఈలోగా నేను కోరేది పెద్దదేమీ కాదు. పొడిగింపు ఇచ్చిన ప్రతిసారీ ఒక కాగితం బయట పెట్టాలి. సాక్షి ముక్క సుత్తి దెబ్బకు ఎలా విరిగింది. ఈసారి ఏయే గొట్టాలు కొలిచారు, ఏవి కొలవలేదు, ఎందుకు కొలవలేదు. సముద్రం గురించి పోయినసారికీ ఇప్పటికీ ఏం తెలిసింది. జనరేటర్లు ఎంత ఎత్తున వున్నాయి. ఇందులో దేశరహస్యం ఏమీ లేదు. దీన్ని ఢిల్లీలో పార్లమెంటు బల్ల మీద పెడితే సరిపోదు. మరాఠీలో అచ్చువేసి తారాపూర్ పక్కనున్న చేపల రేవుల్లో అంటించాలి, తమిళంలో వేసి కల్పాక్కం వూళ్ళో అంటించాలి. మన శ్రీకాకుళం జిల్లాలో కొవ్వాడ దగ్గర ఆరు పెద్ద రియాక్టర్లు కట్టాలని చాలాకాలంగా ఆలోచన. అవి కట్టి, అరవై ఏళ్ళు నడిచి, అప్పుడు 'ఇంకో ఇరవై' అనే మాట వచ్చేసరికి ఇది రాసినవాడూ చదివినవాడూ వుండరు. ఆ కాగితం మాత్రం తెలుగులో వుండాలి.